మంచునేలలో చదువేమున్నది? – ఉత్తర ధ్రువసీమల ఆవరణశాస్త్రం

నిరుడు దసరా సెలవుల అనంతరం మన కళాశాల బి.యస్‌సి. తృతీయ సంవత్సర విద్యార్థిని ఒకామె తన తండ్రిగారిని వెంటబెట్టుకొని నా గదికి వచ్చినది. ఆమె చేతిలో నాలుగైదు అచ్చుకాగితాలున్నవి. నార్వే దేశపు ఉత్తరపు కొనన గల ట్రోమ్‌సో నగరంలోని విశ్వవిద్యాలయమందు, ఉత్తర ప్రాంతపు జీవజాతులను, ఆవరణ వ్యవస్థలను గూర్చి బోధించే ఎమ్.యస్‌సి. స్థాయి చదువుకు సంబంధించిన వివరాలవి. తండ్రిగారు పాతబజారులో దర్జీ పని చేసుకొనేవారు. చెప్పుకోవలసినదంతా దారిలోనే చెప్పుకొని వచ్చినట్లున్నారు. కూర్చొనీ కూర్చొనకముందే అడిగినారు. “లెక్చరర్ సాబ్, అక్కడ ఏడాదిలో సగం మంచు, రెండు నెలలు చీకటి అంట. మంచులో చదవడానికి ఏముంటుంది? అది చదివి వస్తే మా పిల్లకు ఇక్కడ ఎవరు ఏమిస్తారు?”

రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. నేను తెలుగు శాఖవాడను. ప్రబంధాలలోని ఋతువర్ణనలు తప్ప హిమమును గూర్చి నాకు తెలిసినది స్వల్పం. ఆ పూట వారికి టీ తెప్పించి పంపితిని గాని సమాధానం చెప్పలేకపోయినాను. తరువాతి నాలుగైదు మాసాలు మన వృక్షశాస్త్ర శాఖ మిత్రులను విసిగించి, గ్రంథాలయంలోనూ వెలుపలనూ వెదకి, తెలుసుకొన్న సంగతులను విద్యార్థుల యెదుట, కమిటీ పెద్దల యెదుట ఉంచుచున్నాను. పారిభాషిక పదాలను ఆ మిత్రులు దిద్దినారు. మిగిలిన దోషాలు నావి.

‘ఆవరణ వ్యవస్థ’ అనే మాట ఇంటర్మీడియట్ చదివిన వారందరికీ పరిచితమే. ఆంగ్లేయ వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ టాన్‌స్లీ 1935లో ఒక వ్యాసంలో దీనిని ప్రతిపాదించినాడు. మొక్కలు, జంతువులు, సూక్ష్మజీవులు మాత్రమే కాక, అవి నిలిచిన నేల, నీరు, గాలి, వెలుతురు – వీటినన్నింటినీ కలిపి ఒకే వ్యవస్థగా చూడవలెనని ఆయన భావం. మన పిల్లలు పరీక్షలో గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని ఐదు బొమ్మలు గీసి, నడుమ బాణపు గుర్తులు వేసి, మార్కులు తెచ్చుకొనుచున్నారు. ఆ బాణపు గుర్తులకు కూడ ఒక పుట్టుక ఉన్నది గదా! ఈ శాస్త్రపు తొలినాళ్ళలోని అటువంటి ప్రసిద్ధమైన బొమ్మ ఒకటి పచ్చని అడవిలోగాని, పంటచేలోగాని పుట్టలేదు; మంచుదీవిలో పుట్టినది.

1921లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం వారు ఉత్తర ధ్రువసముద్రంలోని స్పిట్స్‌బెర్గెన్ దీవులకు ఒక పరిశోధక బృందాన్ని పంపినారు. అందులో ఛార్లెస్ ఎల్టన్ అనే 21 ఏండ్ల విద్యార్థి ఉన్నాడు. ఆయన, వృక్షశాస్త్రవేత్త సమ్మర్‌హేస్ కలిసి, దారిలోని బేర్ దీవిలో ఏ ప్రాణి దేనిని తిని బ్రతుకుచున్నదో ఓపికగా వ్రాసుకొన్నారు. సముద్రపక్షులు చేపలను తిని కొండచరియలపై రెట్టవేయును. ఆ రెట్టలోని నత్రజనితో నేల బలియును. ఆ నేలపై నాచు, పూలమొక్కలు మొలచును. వాటిని పురుగులు, పక్షులు తినును. ధ్రువపు నక్క ఆ పక్షులను పట్టును. చచ్చినదానిని బాక్టీరియా మరల నేలలో కలుపును. ఈ రాకపోకలను గీతలతో కలిపి 1923లో వారు ప్రచురించిన పటం నేటికీ పాఠ్యగ్రంథాలలో కనిపించును. నేడు మనం ‘ఆహార జాలకం’ అంటున్నది ఇదే. అడవిలో అయితే వేలకొలది జాతులుండును. ఎవరు ఎవరిని తినుచున్నారో ఒక జీవితకాలంలో తేల్చుట కష్టం. మంచుదీవిలో పాత్రలు తక్కువ, కథ స్పష్టం. వీథినాటకంలో నలుగురే వేషగాళ్ళుంటే ప్రేక్షకునికి కథ సుళువుగా అందినట్లే ఇది. మంచులో చదవడానికి ఏముంటుందని అడిగిన ఆ పెద్దమనిషికి నేను మొదట చెప్పవలసియుండిన జవాబు ఇదే: అక్కడ తక్కువ ఉన్నది గనుకనే చదువుకు వీలున్నది.

ఎల్టన్‌ను గూర్చిన మరొక ముచ్చట భాషాధ్యాపకుడనైన నన్ను ప్రత్యేకంగా ఆకర్షించినది. 1923లో రెండవ యాత్ర నుండి తిరిగి వచ్చుచు ఆయన ఓడ ట్రోమ్‌సోలో ఆగినది. మన విద్యార్థిని తెచ్చిన కాగితాలలోని ఊరే అది. అక్కడి పుస్తకాల దుకాణంలో రాబర్ట్ కాలెట్ వ్రాసిన, నార్వే దేశపు క్షీరదాలను గూర్చిన ఒక పెద్ద గ్రంథం ఆయనకు కనబడినది. ఎల్టన్‌కు నార్వే భాష రాదు. ఐనను చేతనున్న డబ్బుతో ఆ పుస్తకం కొని, ఇంటికి పోయి, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని పేజీలు కూడబలుక్కొన్నాడు. లెమింగ్ అనే చిన్న ఎలుకజాతి ప్రాణి ఏయే సంవత్సరాలలో విపరీతంగా పెరిగినదో కాలెట్ అందులో నమోదు చేసియుండెను. మూడు నాలుగేండ్లకొకమారు పెరుగుట, మరల పడిపోవుట – ఈ లయ ఎల్టన్‌కు అందులో దొరికినది. దాని ఆధారంగా జంతుసంఖ్యలలోని ఆవర్తనాలను గూర్చి 1924లో ఆయన వెలువరించిన వ్యాసం, 1927 నాటి ‘యానిమల్ ఎకాలజీ’ గ్రంథం ఈ శాస్త్రానికి పునాదిరాళ్ళలో చేరినవి. తరువాత కెనడాలోని హడ్సన్స్ బే కంపెనీ వారి బొచ్చుచర్మాల చిట్టాలను తిరగవేసి, లింక్స్ అనే అడవిపిల్లి సంఖ్య సుమారు పదేండ్లకొకమారు పెరిగి తరుగుచున్నట్లు ఆయన చూపినాడు. వర్తకుల పద్దు పుస్తకం నుండి ప్రకృతి రహస్యం రాబట్టుట! నూటికి తొంబది మంది ఆ చిట్టాలలో లాభనష్టాలే చూచియుందురు.

లెమింగ్‌ను గూర్చి మనలో చాలమంది విన్నది ఒక్కటే: అవి గుంపులుగా పోయి సముద్రంలో దూకి ఆత్మహత్య చేసుకొనునట. చిన్ననాట నేనును ఒక పత్రికలో చదివి నమ్మినవాడనే. ఇది అబద్ధం. 1958లో డిస్నీ సంస్థ వారి ‘వైట్ వైల్డర్‌నెస్’ అనే చిత్రంలో అవి గట్టు నుండి నీటిలో పడు దృశ్యాలు ఈ నమ్మకాన్ని లోకమంతటా వ్యాపింపజేసినవి. లెమింగులే లేని కెనడా ప్రాంతానికి వాటిని కొని తెచ్చి, గట్టు మీది నుండి తరిమి ఆ దృశ్యాలు తీసినారని 1982లో కెనడా ప్రసార సంస్థ వారి కార్యక్రమం ఒకటి బయటపెట్టినది. ఆ చిత్రానికి ఆస్కార్ బహుమతి కూడ వచ్చియుండుట గమనార్హం. జనసంఖ్య పెరిగినప్పుడు లెమింగులు మేతకై కొత్తచోట్లకు పోవుమాట, దారిలో ఏరు దాటబోయి కొన్ని మునుగుమాట నిజం. చావాలని పోవుట మాత్రం మన కల్పన.

అసలు వింత ఆ దూకుటలో లేదు. మంచు క్రింద ఉన్నది. శీతకాలమందు లెమింగ్ నిద్రపోదు. నేలకు, మంచుకు నడుమ ఏర్పడే సన్నని ఖాళీలో తిరుగుచు, నాచు తినుచు, అక్కడనే పిల్లలను కనును. పైన గడ్డకట్టించే చలియున్నను లోతైన మెత్తని మంచు దుప్పటివలె పనిచేయుట చేత నేలమట్టాన చలి తీవ్రత చాల తక్కువ. వీజెల్ అనే సన్నని ముంగిసవంటి ప్రాణి ఆ సొరంగాలలో దూరి వాటిని వేటాడును. లెమింగులు విస్తారంగా ఉన్న యేట మంచు గుడ్లగూబ ఏడెనిమిది గుడ్లు, ఒక్కొక్కప్పుడు పది దాకా పెట్టును. లేని యేట అసలు గూడే కట్టక ఊరుకొనును. ఇక శీతకాలం మధ్యలో వాన పడి, ఆ నీరు నేలమీద గడ్డకట్టినచో ఆ ఖాళీ మూసుకొనిపోవును. నాచు మంచుగాజు క్రింద చిక్కును. దక్షిణ నార్వే పర్వతాలలో 1994 తరువాత లెమింగుల పెరుగుదల శిఖరాలు కనబడకుండ పోయినవనియు, వెచ్చబడిన శీతకాలాల వలన మంచు స్వభావం మారుటయే అందుకు కారణమనియు 2008లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధక బృందం ప్రకటించినది. ఒక ఎలుక తగ్గితే ఏమగును? గుడ్లగూబ, నక్క, డేగ – అన్నింటి లెక్కలూ మారును.

ఆ లెక్క మన దాకా వచ్చుచున్నది సుమా! ఇది నేను ఊహించి వ్రాయుట లేదు. శీతకాలమందు పులికాట్ సరస్సు ఒడ్డున, కోరింగ మడ అడవుల బురదనేలలలో గుంపులుగా దిగే ఉల్లంకి జాతి పిట్టలను మన తీరప్రాంత విద్యార్థులు చూచియుందురు. వాటిలో కొన్ని – వంపుముక్కు ఉల్లంకి, పిచ్చుక పరిమాణంలో ఉండే చిన్న ఉల్లంకి – గ్రుడ్లు పెట్టుట సైబీరియా ఉత్తరతీరపు టండ్రాలో. వేలకొలది మైళ్ళు ఎగిరి మన వద్దకు వచ్చి చలికాలం గడిపి పోవును. టండ్రాలో లెమింగులు పుష్కలంగా ఉన్న వేసవిలో నక్కలు వాటినే తిని పిట్టల గూళ్ళ జోలికి పోవు. లెమింగులు పడిపోయిన యేట ఆకలిగొన్న నక్క ఈ పిట్టల గ్రుడ్లను, పిల్లలను వెదకి తినును. అందుచేత ఆ యేడు దక్షిణదేశాల తీరాలకు చేరే గుంపులలో పిల్లపిట్టలు బహుస్వల్పం. పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగి, ముసలివెన్ని, పడుచువెన్ని అని ఏండ్ల తరబడి లెక్కించినవారు ఈ సంగతి నిరూపించినారు. పులికాట్ బురదలోని పిట్టకు, టైమిర్ మంచులోని ఎలుకకు లంకె ఉన్నదని తెలిసిన నాడు నాకు రాత్రి చాలసేపు నిద్రపట్టలేదు.

ఇక నేలను గూర్చి. ఉత్తరాన నేల పైపొర మాత్రమే వేసవిలో కొంత కరగును. దాని క్రింద సంవత్సరాల తరబడి, కొన్నిచోట్ల వేల సంవత్సరాల నుండి, గడ్డకట్టియున్న నేల ఉన్నది. దీనిని శాశ్వత హిమభూమి అందురు. మన నేలలో ఆకు రాలితే నాలుగు వానలకు కుళ్ళి ఎరువగును. అక్కడ చలి చేత విచ్ఛిన్నకారుల పని మందగించుట వలన మొక్కల అవశేషాలు కుళ్ళక పేరుకొనిపోవును. ఇట్లు ఉత్తరపు హిమభూములలో దాగిన కర్బనం సుమారు ఒకటిన్నర లక్షల కోట్ల టన్నులని అంచనా. అనగా భూమి చుట్టూ గల వాతావరణంలో ఉన్న కర్బనమునకు దరిదాపు రెట్టింపు. ఆ నేల కరగినచో బాక్టీరియా మేల్కొని పని ప్రారంభించును. బొగ్గుపులుసు వాయువు, చిత్తడిచోట్ల మీథేన్ పైకి లేచును. 1979 నుండి ఉత్తర ధ్రువప్రాంతం ప్రపంచపు సగటుకంటె సుమారు నాలుగురెట్లు వేగంగా వేడెక్కినదని 2022లో ఫిన్‌లాండు శాస్త్రజ్ఞులు లెక్క తేల్చినారు. స్వీడన్ ఉత్తరాన అబిస్కో అనేచోట 1913 నుండి వాతావరణపు లెక్కలు వ్రాసియుంచుచున్న పరిశోధనా కేంద్రం ఒకటి ఉన్నది. దాని చెంతనే హిమభూమి కరగి కుంగి, పొడినేల చిత్తడిగా మారుచున్న ప్రదేశంలో విద్యార్థులు నేల నుండి లేచే వాయువులను పెట్టెలలో పట్టి కొలుచుచుందురు.

అక్కడి మొక్కలకు పెద్ద కొరత నత్రజనిది. ఉత్తరపు అడవులలో నేలపై పరచుకొనే ఒక మాస్ జాతిలో నాస్టాక్ అనే నీలి ఆకుపచ్చ శైవలం చేరి గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చుచున్నదని 2002లో కనుగొన్నారు. మన వరిమళ్ళలో అజొల్లా ఆకులలో అనబీనా చేయు పనియే అక్కడ నాస్టాక్ చేయుచున్నది. మన బి.యస్‌సి. విద్యార్థులకు అజొల్లా తెలుసును. కావున ఆ అడవి వారికి పూర్తిగా పరాయిది కాదు.

అక్కడ మనుషులు లేరనుకొనుట మరొక పొరపాటు. నార్వే, స్వీడన్, ఫిన్‌లాండ్, రష్యాల ఉత్తర భాగాలలో సామీలు అనే ఆదివాసీ ప్రజలున్నారు. రెయిన్‌డీర్ మందల పెంపకం వారిలో పలువురి జీవనం. శీతకాలమందు ఆ జంతువు మంచును కాలిగిట్టలతో తవ్వి అడుగున ఉన్న లైకెన్లను మేయును. మంచు మీద వాన పడి గడ్డకట్టినచో తవ్వలేక ఆకలితో చచ్చును. రష్యాలోని యమాల్ ద్వీపకల్పంలో 2013 నవంబరులో ఇట్లు వాన కురిసి గడ్డకట్టుటచేత ఆ శీతకాలంలో సుమారు 61,000 రెయిన్‌డీర్లు చనిపోయినవి. ఆ మందలు అక్కడి నేనెత్సు ప్రజలవి. ఒక కుటుంబపు మంద చచ్చినదనగా మనవద్ద ఒక రైతు ఎడ్లూ పొలమూ ఒక్కసారే పోయినట్లు.

సామీ భాషలో ‘గువొహ్తున్’ అని ఒక మాట ఉన్నదట. మంచు గుండా మేత అందునట్టి స్థితి అని దాని స్థూలార్థం. మంచు ఎంత లోతు, ఎంత గట్టి, అడుగున మేత ఏపాటి, జంతువు దానిని అందుకొనగలదా లేదా – ఇవన్నీ ఆ ఒక్కమాటలో ఇమిడియున్నవి. చదువగానే నాకు మన రైతుల ‘పదును’ అనే మాట గుర్తుకు వచ్చినది. పదును అనగా తడి మాత్రమే కాదు. నాగలి దిగుటకు, విత్తు మొలచుటకు తగిన తడి. వానలెక్క మిల్లీమీటర్లలో చెప్పినంత మాత్రాన పదును తెలియదు. ఉత్తరదేశపు విశ్వవిద్యాలయాలలో ఈనాడు సామీ కాపరుల అనుభవాన్ని కొలతలతో పాటు సాక్ష్యంగా స్వీకరించి పరిశోధనలు సాగుచున్నవి. భాష చదివిన వారికి కూడ ఈ శాస్త్రంలో పని ఉన్నదని మా శాఖ విద్యార్థులకు మనవి.

ఇంతకూ ఆ రెండేండ్ల చదువులో చేయునదేమి? ఆ దేశాల లెక్కప్రకారం మాస్టర్స్ చదువు 120 క్రెడిట్లు. ట్రోమ్‌సోలో అందులో సగం ఒక్క పరిశోధనా వ్యాసానిదే. బోధన ఇంగ్లీషులో జరుగును. తరగతిలో కూర్చుండుట తక్కువ, బయట తిరుగుట ఎక్కువ. ఎటువంటి ప్రయోగాలో ఒకటి చెప్పెదను. పారదర్శకమైన పలకలతో పైకప్పు లేని చిన్న గూడు కట్టి టండ్రా మొక్కలచుట్టూ నిలిపెదరు. లోపల ఒకటి నుండి మూడు డిగ్రీల దాకా వెచ్చనగును. వెలుపలి మొక్కలతో పోల్చుచు ఏది ముందు పూచినది, ఏది పొడవు పెరిగినది, ఏది తగ్గిపోయినది అని ప్రతి వేసవి లెక్కించెదరు. 1990లో ఆరంభమైన ఈ అంతర్జాతీయ టండ్రా ప్రయోగం పలుదేశాలలో ఒకే పద్ధతిలో నడచుచున్నది. మరొకచోట ప్రయోగం ఎవరూ తలపెట్టకయే సిద్ధమైనది: నార్వే, ఫిన్‌లాండుల సరిహద్దున రెయిన్‌డీర్లకై వేసిన కంచెకు ఒకవైపు వేసవి మేతలో త్రొక్కబడి లైకెన్లు పలచబడినవి, వేరొకవైపు తెల్లగా దట్టంగా ఉన్నవి. ఆకాశం నుండి తీసిన చిత్రాలలో కూడ ఆ గీత కనబడును. స్వాల్‌బార్డు దీవులలోని విశ్వవిద్యాలయ కేంద్రానికి పోయే విద్యార్థులకైతే మొదటిపాఠం జీవశాస్త్రం కాదు, తుపాకి పట్టుట. ధ్రువపు ఎలుగుబంటి భయం వలన బయట పనిచేయువారికి ఆ శిక్షణ ఇచ్చెదరు. ఈ మాట విని మన విద్యార్థిని నవ్వినది, తండ్రిగారు నవ్వలేదు.

ఈ చదువులో మన పిల్లలను దెబ్బతీయగలది చలికాదు, గణితం. పదవ తరగతి తరువాత బై.పి.సి. తీసుకొన్నవారు లెక్కలకు నమస్కారం పెట్టినట్లే భావింతురు. అక్కడ గణాంకశాస్త్రం లేక ఒక్క అడుగు పడదు. ‘ఆర్’ అనే కంప్యూటరు భాషలో తాము తెచ్చిన లెక్కలను తామే విశ్లేషించుకొనవలెను. ఆ భాష ఉచితంగా లభించును. మన కంప్యూటరు గదిలోనే నేర్చుకొనవచ్చును.

చీకటి మాట. ట్రోమ్‌సోలో నవంబరు చివరి నుండి జనవరి మధ్యదాకా సూర్యుడు ఉదయించడు. మే చివరి నుండి జూలై చివరి దాకా అస్తమించడు. నమాజు వేళలు, రోజా వేళలు ఎట్లని మన పిల్లలు తప్పక అడుగుదురు. ఇది కొత్త ప్రశ్న కాదు. 921లో బాగ్దాదు నుండి బయలుదేరి మరుసటి యేడు వోల్గా నదీతీరపు బల్గారు రాజ్యం చేరిన ఇబ్న్ ఫద్లాన్, అక్కడి వేసవి రాత్రి ఎంత చిన్నదో చూచి విస్తుపోయి వ్రాసినాడు. మగ్రిబ్ వేళ పొయ్యిమీద పెట్టిన కుండ ఉడుకకముందే ఫజ్ర్ వేళ అగునని ఆయనకు అక్కడివారు చెప్పినారట. సమీప నగరపు వేళలనుగాని, మక్కా వేళలనుగాని అనుసరించవచ్చునని ఈ కాలపు పండితులు చెప్పుచున్నారు. ఆ ఊళ్ళలో ముస్లిములు అట్లే నడచుకొనుచున్నారు.

ఇక ఖర్చు. ఇక్కడ మెత్తగా మాటలాడుట తగదు. ఒకప్పుడు ఉత్తర ఐరోపాలో విదేశీ విద్యార్థులకు ఫీజు లేదని మన ఊళ్ళో నేటికీ కొందరు చెప్పుచున్నారు. అది గతించిన మాట. స్వీడన్ 2011 నుండి, ఫిన్‌లాండ్ 2017 నుండి, నార్వే 2023 నుండి ఐరోపా వెలుపలి విద్యార్థులకు ఫీజులు విధించినవి. దానికి తోడు ఏడాది జీవనానికి సరిపడు సొమ్ము చూపిన గాని ప్రవేశానుమతి లభించదు. ఆగస్టులో మొదలయ్యే చదువుకు ముందటి శీతకాలంలోనే దరఖాస్తు చేయవలెను. మన మూడేండ్ల డిగ్రీని అర్హతగా అంగీకరించుట, అంగీకరింపకపోవుట విశ్వవిద్యాలయాన్ని బట్టి ఉండును. డబ్బు కట్టకముందే వ్రాసి అడుగవలెను. ప్రభుత్వ విద్యానిధులు ఏయే దేశాలకు వర్తించునో కూడ ముందుగా చూచుకొనవలెను. నా అభిప్రాయం అడిగినచో, విద్యావేతనం లభించిన పక్షంలో నిస్సంకోచంగా పోవలసిన చదువే. ఇల్లు తాకట్టు పెట్టి పోవలసినది మాత్రం కాదు.

తండ్రిగారి రెండవ ప్రశ్నకు జవాబు మొదటి దానికన్న కష్టం. మన దేశంలో ఈ చదువుకు ఉద్యోగాలు వేలల్లో లేవు. కొన్ని ద్వారాలు మాత్రం తెరచియున్నవి. గోవాలో జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధనా కేంద్రం ఉన్నది. స్వాల్‌బార్డులోని నీ-ఒలెసున్‌లో 2008 జూలైలో మనదేశం ‘హిమాద్రి’ అనే పరిశోధనా స్థావరాన్ని ప్రారంభించినది. ఆర్కిటిక్ మండలిలో 2013లో భారతదేశానికి పరిశీలక హోదా లభించినది. 2022లో భారత ప్రభుత్వం ఆర్కిటిక్ విధానపత్రాన్ని ప్రకటించినది. టండ్రాను పోలిన చలిసీమలు మన హిమాలయాలలోనే చెట్లు నిలిచిపోయిన ఎత్తున ఉన్నవి. అంతదూరం పోలేనివారికి పాండిచ్చేరి విశ్వవిద్యాలయంలో ఆవరణశాస్త్రపు ఎమ్.యస్‌సి., డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలో వన్యప్రాణిశాస్త్రపు ఎమ్.యస్‌సి. ఉన్నవి.

నేను అన్నింటికంటె బాధపడిన ఘట్టం దరఖాస్తు నమూనా వ్రాయునప్పుడు వచ్చినది. “బయటి నేలమీద మీరు స్వయంగా చేసిన పరిశీలన ఏమి?” అని ఒక గడి. మూడేండ్లు ఆవరణశాస్త్రం చదివి మొదటి శ్రేణి మార్కులు తెచ్చుకొన్న ఆ అమ్మాయి ఆ గడి ముందు చాలసేపు కూర్చున్నది. గైడులోని కొలను బొమ్మను ఆమె ఎన్నోమార్లు గీసినది; కొలను వద్దకు ఒక్కమారు పోలేదు. తప్పు ఆమెది కాదు. మన కళాశాలలో విజ్ఞానయాత్రలు నిలిచిపోయి చాలకాలమైనది; ఆడపిల్లలను బయటికి తీసుకొనిపోవు బాధ్యత ఎవరిదను ప్రశ్న వద్ద ప్రతియేడు ఆ కాగితం ఆగిపోవుచున్నది. ఆ సంకోచమును నేను తక్కువ చేయను, నాకును ఆడపిల్లలున్నారు.

ఆ సాయంకాలం తండ్రిగారే ఒక దారి చూపినారు. “మన చెరువు లేదా, సాబ్? ఫజ్ర్ తరువాత నేను వెంట వస్తాను” అన్నారు. నాటి నుండి వారమునకు రెండు దినాలు తండ్రీకూతుళ్ళు ఊరిచెరువు గట్టుకు పోవుచున్నారు. ఏ పిట్ట ఎన్ని, ఎక్కడ, ఏమి తినుచున్నది – ఆమె వ్రాసికొనును. ఆయన తన దర్జీ టేపుతో తూము ప్రక్క రాతిమీద నీటిమట్టం కొలిచి అంగుళాలలో చెప్పును. ఫీజుల లెక్క చూచిన తరువాత ఆమె ట్రోమ్‌సో దరఖాస్తు ఈ యేటికి మానుకొని, పాండిచ్చేరి ప్రవేశపరీక్షకు చదువుచున్నది. విద్యావేతనం కొరకు ఉత్తరదేశాలకు వచ్చే యేడు మరల ప్రయత్నించెదనని చెప్పినది. ఆ గడిలో ఈసారి వ్రాయుటకు ఆమెవద్ద సంగతి ఉన్నది.

కమిటీ పెద్దలకు నా విన్నపం పెద్దది కాదు. ప్రతి చలికాలం ఒక్క దినం, తల్లిదండ్రులలో వచ్చువారిని కూడ పిలుచుకొని, పులికాట్ దాకా ఒక బస్సు. జీవశాస్త్ర శాఖకు రెండు బైనాక్యులర్లు, తెలుగుదేశపు పక్షుల పుస్తకం ఒకటి. కళాశాల ఆవరణలో ఒక వర్షమాపకం, దాని లెక్క వ్రాయుటకు వంతుల పట్టిక. ఇందలి ఖర్చు వివరాలను జంతుశాస్త్ర శాఖ మిత్రులు వేరుగా సమర్పింతురు. రాబోవు సమావేశంనాడు ఆ చెరువుగట్టు నోటుపుస్తకం తెచ్చి పెద్దలకు చూపుటకు ఆ తండ్రీకూతుళ్ళు ఇద్దరూ సమ్మతించినారు.